తెల్లగడ్డ ఆకు పచ్చడీ, నక్క కడుపులో పురుగూ

ఏప్రిల్ వచ్చిందంటే ఇక్కడ అడవంతా తెల్లగడ్డ వాసన కొడుతుంది. తెల్లగడ్డ అంటే వెల్లుల్లే, మాది కర్నూలు జిల్లా, అలవాటు పోదు. జర్మనీలో స్టుట్‌గార్ట్ నుంచి దక్షిణానికి కాస్త దూరం పోతే ష్వేబిషె ఆల్బ్ అనే కొండలు మొదలవుతాయి, ఆ వాలుల్లో బీచ్ చెట్ల కింద నేల కనపడకుండా పచ్చటి ఆకులు పరుచుకుని ఉంటాయి, ఒకటి తుంచి నలిపితే అచ్చం తాలింపులో తెల్లగడ్డ వేగుతున్న వాసన. బెయిర్‌లౌఖ్ అంటారు దాన్ని, ఎలుగుబంటి ఉల్లి అన్నమాట. జర్మన్లు వెన్నలో కలుపుకుని బ్రెడ్డుకి రాసుకుంటారు, సూప్ చేసుకుంటారు. మేము పచ్చడి చేసుకుంటాం. వేయించిన బుడ్డల విత్తనాలు (పల్లీలు), ఎండుమిరపకాయలు, చింతపండు, ఉప్పు, పచ్చి ఆకు, అన్నీ మిక్సీలో ఒక తిప్పు తిప్పి వేడన్నంలో నెయ్యేసుకుని తింటే, ఊరికి నాలుగు వేల మైళ్ళకి పైగా దూరంలో ఉన్నామన్న సంగతి ఒక పది నిమిషాలు గుర్తుండదు.

ఈసారి రెండు సంచుల నిండా కోసుకొచ్చాం. మెట్ల దగ్గర పై అంతస్తులో ఉండే పెద్దావిడ ఎదురైంది. ఎనభై దాటింది, ఆల్బ్ కొండల్లోనే ఒక పల్లెలో పుట్టి పెరిగిన మనిషి. సంచిలోకి తొంగి చూసి "వీటిని వండుతారా, పచ్చిగా తింటారా" అని అడిగింది. పచ్చిగానే అన్నాను, గొప్పగా. ఆవిడ రెండు మెట్లు దిగి దగ్గరికొచ్చి, మా పాపకి వినపడకూడదన్నట్టు గొంతు తగ్గించి ఒకే మాట అంది. "ఫుక్స్‌బాండ్‌వుర్మ్."

నక్క బద్దెపురుగు.

అడవిలో మోకాలి ఎత్తు కంటే కింద పెరిగేది ఏదీ కోసిన చోటే నోట్లో పెట్టుకోకూడదని వాళ్ళమ్మ చెప్పేదట. నక్కలు తిరుగుతాయి, రెట్టలు వేస్తాయి, వాటిలో కంటికి కనపడని గుడ్లు ఉంటాయి, తిన్నామా, పదేళ్ళ తర్వాత లివర్ పోతుంది. అంత చెప్పి "మీ ఇష్టం మరి" అని పైకి వెళ్ళిపోయింది. మా ఆవిడ నా మొహం చూసింది. నేను సంచులు చూశాను. పోయిన నాలుగేళ్ళలో ఎన్ని సీసాల పచ్చడి తిన్నామో మనసులో లెక్క వేస్తున్నాను.

ఆ రాత్రి నిద్రపోలేదు. ఒంట్లో ఏ చిన్న నలత అనిపించినా ఇంటర్నెట్‌లో వెతికి చివరికి కేన్సర్ దగ్గర తేలే రకం మనిషిని నేను. కానీ ఈసారి వెతికేకొద్దీ భయం కంటే ఆశ్చర్యం ఎక్కువైంది, ఇంకా వెతికితే మా ఊరి సంగతే బయటపడింది. అందుకే ఇదంతా రాస్తున్నాను, కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

మొదట సైజు దగ్గరే నాకు దెబ్బ తగిలింది. బద్దెపురుగు అనగానే మనకి గుర్తొచ్చేది స్కూల్లో జంతుశాస్త్రం పుస్తకంలోని బొమ్మ, మీటర్ల పొడుగు రిబ్బను, పంది మాంసం, ఇంకా క్యాబేజీ తింటే మెదడులోకి పురుగు ఎక్కుతుందన్న కథ. అది వేరే జాతి. ఈ నక్క పురుగు పేరు ఎకినోకాకస్ మల్టీలాక్యులారిస్, బాగా ఎదిగింది కూడా నాలుగున్నర మిల్లీమీటర్లు దాటదు. అన్నం మెతుకులో సగం. తల, దాని వెనక నాలుగైదు గదులు, అంతే. చివరి గదిలో రెండు వందల దాకా గుడ్లు ఉంటాయి, అది పండగానే రాలిపోయి నక్క మలంతో బయటికొస్తుంది. ఒక్కో నక్క పేగులో ఇలాంటి పురుగులు వేలల్లో ఉండొచ్చు, ఆ నక్కకి మాత్రం జ్వరం కూడా రాదు. హాయిగా తిరుగుతుంది.

గుడ్డు ఒక మిల్లీమీటరులో ముప్పయ్యో వంతు ఉంటుంది. దాన్ని పొలం ఎలుక తినాలి. ఇక్కడ వోల్ అనే ఒక రకం ఎలుక ఉంది, పొట్టి తోక, చిన్న చెవులు, గడ్డి మైదానాల్లో బొరియలు చేసుకుని బతుకుతుంది. గడ్డితో పాటు గుడ్డూ లోపలికి పోతుంది. పేగులో పొదిగి, ఆరు చిన్న కొక్కేలున్న పిల్ల బయటికొచ్చి పేగు గోడని తొలుచుకుని రక్తంలో పడుతుంది, పేగుల రక్తం నేరుగా పోయేది కార్జానికే కాబట్టి అక్కడ ఆగిపోతుంది. ఆగి, పెరగడం మొదలుపెడుతుంది. రెండు మూడు నెలల్లో ఎలుక కార్జం నిండా చిన్న చిన్న బుడగల గుత్తి, ప్రతి బుడగలో పురుగు తలలు సిద్ధంగా ఉంటాయి. అప్పుడు నక్క వచ్చి ఆ ఎలుకని తినేస్తుంది. ఒక్కో తలా ఒక్కో పురుగవుతుంది. కథ మళ్ళీ మొదటికి.

నక్కా ఎలుకా వాటి తంటాలు అవి పడుతున్నాయి, మధ్యలో మనమెందుకు? నిజానికి మన అవసరం ఆ పురుగుకి లేనే లేదు. మనిషి కార్జంలో చిక్కుకుంటే దానికి బయటికి దారి లేదు, మనల్ని నక్క తినదు కదా. పొరపాటున వేరే బస్సెక్కి కూర్చున్న ప్రయాణికుడు లాంటిది. కానీ ఎక్కాక దిగదు, పదేళ్ళు పదిహేనేళ్ళు మెల్లగా పెరుగుతూనే ఉంటుంది. ఎలుకలో రెండు నెలల పని మనిషిలో పదేళ్ళు. అన్నేళ్ళూ మనిషికి ఏమీ తెలియదు. కాస్త నీరసం, కుడి డొక్కలో బరువు, ఎప్పుడో ఒకరోజు కళ్ళు పచ్చబడతాయి, స్కాన్ తీస్తే కార్జంలో కేన్సర్ లాంటి గడ్డ. చూడ్డానికే కాదు, పద్ధతి కూడా కేన్సర్‌దే. అంచు ఉండదు. తుంగ మొలిచిన మడి చూసినవాళ్ళకి అర్థమవుతుంది, పైన పీకేస్తాం, కింద దారం లాంటి వేరు ఎటో పోయి ఉంటుంది, దాని చివర ఇంకో గడ్డ. ఇదీ అంతే, పక్కకి పాకుతుంది, ముదిరితే ముక్క విడివడి ఊపిరితిత్తులకో మెదడుకో చేరుతుంది. వైద్యం లేకుండా వదిలేస్తే పది పదిహేనేళ్ళలో నూటికి తొంభై మందికి పైగా చనిపోతారు.

ఇది చదివాక తెల్లవారుజామున మూడింటికి లేచి నా డొక్క నేనే నొక్కి చూసుకున్నాను.

కేన్సర్‌లా ఉంటుంది అన్నాను కదా, 19వ శతాబ్దం మధ్య దాకా డాక్టర్లు కూడా దీన్ని కేన్సర్ అనే అనుకున్నారు. జిగురు కేన్సర్ లాంటి పేరేదో పెట్టుకున్నారు. 1855లో వ్యూర్ట్స్‌బుర్గ్‌లో రుడోల్ఫ్ విర్ఖో ఆ గడ్డని మైక్రోస్కోపు కింద పెట్టి, ఇది కేన్సర్ కాదు, పురుగు పిల్లదశ అని తేల్చాడు. కణం నుంచే కణం పుడుతుందని చెప్పిన పెద్దమనిషి ఆయనే. సరే, పురుగే, కానీ ఏ పురుగు? గొర్రెల్లోనూ కుక్కల్లోనూ ఉండే మామూలు ఎకినోకాకస్సేనా, వేరే జాతా? దీని మీద జర్మన్ డాక్టర్లు రెండు జట్లుగా విడిపోయి దాదాపు వందేళ్ళు కొట్టుకున్నారు. చివరికి రెండు చోట్ల నుంచి జవాబు వచ్చింది. ఒకటి అలాస్కా దగ్గర సెయింట్ లారెన్స్ దీవి, అక్కడ రాబర్ట్ రాష్, ఎవరెట్ షిల్లర్ అనే ఇద్దరు 1950ల మొదట్లో ఆర్కిటిక్ నక్కల్లోనూ ఎలుకల్లోనూ దీని రెండు దశల్నీ పట్టుకున్నారు. రెండోది హాంబుర్గ్ ఉష్ణమండల వ్యాధుల సంస్థలో పనిచేసే హాన్స్ ఫోగెల్. ఆయన 1950ల నడుమ దక్షిణ జర్మనీలో నక్కా వోలూ పట్టుకుని ఈ చక్రం మొత్తం రుజువు చేశాడు. ఎక్కడో కాదు, ఈ ఆల్బ్ కొండల్లోనే. అంటే నేను పచ్చడికి ఆకు కోసుకుంటున్న కొండలు పరాన్నజీవుల శాస్త్రానికి పుణ్యక్షేత్రం లాంటివన్నమాట. అక్కడ బోర్డు పెట్టినా బాగుండేది.

ఇంకో సంగతి. ఈ దేశంలో ఒకప్పుడు ఇన్ని నక్కలు లేవు. రేబిస్ వాటిని ఎప్పటికప్పుడు చంపేస్తుండేది. 1970ల చివర్లో స్విట్జర్లాండ్‌లో, 1983 నుంచి జర్మనీలో, టీకామందు దాచిన ఎరలు అడవుల్లో వేయడం మొదలుపెట్టారు, స్విస్ వాళ్ళయితే మొదట్లో కోడి తలల్లో పెట్టి వేశారు. బ్రహ్మాండంగా పనిచేసింది, 2008లో జర్మనీకి నక్కల రేబిస్ లేని దేశమని పేరొచ్చింది. మనకి ఇప్పటికీ కుక్క కరిస్తే ఎంత టెన్షనో తెలుసు కదా, ఇది చిన్న విజయం కాదు. కానీ చావు తప్పిన నక్కలు పెరిగాయి, ఊళ్ళలోకి వచ్చేశాయి. జ్యూరిక్ నగరం పార్కుల్లో నక్కలు కాపురాలు పెట్టాయి. మా వీధిలోనే రాత్రి పదకొండింటికి చెత్త డబ్బాల దగ్గర ఒకటి కనపడుతుంది, కారు లైటు పడినా కదలదు, మనమే ఏదో తప్పు చేసినట్టు చూస్తుంది. ఈ దక్షిణ ప్రాంతంలో కొన్నిచోట్ల పరీక్షించిన నక్కల్లో సగానికి ఈ పురుగు ఉంది.

సగం నక్కలు! ఇక్కడే నాకు లెక్క కుదరలేదు. అన్ని నక్కలు ఇంటి చుట్టూ తిరుగుతుంటే, జనం వేసవంతా అడవుల్లో బ్లూబెర్రీలు కోసుకుంటూ అక్కడే బొక్కుతుంటే, ఈ పాటికి జర్మనీలో సగం మందికి కార్జాలు పాడైపోవాలి. ఎనిమిది కోట్ల జనాభాలో బయటపడే కేసులు ఏడాదికి పదుల్లోనే ఉంటాయి. ఎందుకంటే మనిషి దీనికి మంచి ఇల్లు కాదు. గుడ్డు లోపలికి పోయిన వాళ్ళలో ఎక్కువ మంది ఒళ్ళు దాన్ని మొదట్లోనే నలిపేస్తుంది. రక్తపరీక్షలో ఆనవాళ్ళు ఉండి రోగం లేనివాళ్ళూ, కార్జంలో సున్నం కట్టి చచ్చిపోయిన చిన్న మచ్చ ఉన్నవాళ్ళూ దొరుకుతూనే ఉన్నారు. రోగనిరోధక శక్తిని అణిచే మందులు వాడేవాళ్ళలో మాత్రం ఇది త్వరగా ముదురుతుంది, వాళ్ళు నిజంగానే జాగ్రత్తపడాలి.

మరి ఆ కొద్దిమందికి ఎలా వచ్చింది? ఇది పట్టుకోవడం కష్టం, పదిహేనేళ్ళ కింద ఏం తిన్నావో ఎవరికి గుర్తుంటుంది. అయినా 2004లో ఇక్కడి పరిశోధకులు ఒక పని చేశారు, 40 మంది రోగుల్నీ, పోల్చడానికి 120 మంది మామూలు మనుషుల్నీ కూర్చోబెట్టి జీవితమంతా తిరగేయించారు. అన్నిటికంటే పైన తేలింది ఏమిటో ఊహించండి. అడవి పండ్లు కాదు. కుక్క. అదీ వేటాడి జంతువుల్ని చంపే అలవాటున్న కుక్క, లేదా ఎవరూ తోడు లేకుండా బయట తిరిగొచ్చే కుక్క. తర్వాత పొలం ఇంట్లో ఉండటం, వ్యవసాయం, కట్టెలు ఏరుకురావడం, పొలంలో నడుస్తూ గడ్డిపోచ నోట్లో పెట్టుకుని నమిలే అలవాటు. పెరట్లో ఆకుకూరలు, దుంపలు పండించుకోవడం, కడగని స్ట్రాబెర్రీలు, ఇవి కూడా ఉన్నాయి కానీ జాబితాలో బాగా కింద. లెక్క ప్రకారం కేసుల్లో అరవై శాతం పైనే వ్యవసాయానికి ముడిపడ్డాయి.

అంటే మా పై అంతస్తు పెద్దావిడకి భయం ఉండటం తప్పు కాదు, అది ఉన్న చోటే తప్పు. ఆవిడకి ఒక కుక్క ఉంది. దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని అదే చేత్తో బిస్కెట్టు తింటుంది. అది పొలాల్లో ఎలుకల వెంట పడుతుందని ఆవిడే మురిసిపోతూ చెప్పింది ఒకసారి. అడవిని చూసి భయపడటం తేలిక, అది మనది కాదు కాబట్టి. ఇంట్లో సోఫా మీద పడుకునేదాన్ని అనుమానించడానికి ఎవరికి మనసొప్పుతుంది. న్యాయంగా చెప్పాలంటే ఇక్కడి కుక్కల్లో నూటికి ఒకదానికి కూడా ఈ పురుగు ఉండదు, ఉన్నా ప్రాజిక్వాంటెల్ అనే బిళ్ళ వేస్తే చస్తుంది, ఎలుకలు తినే కుక్కకయితే నెలకొకసారి వేయమంటారు. ఇంగ్లండ్, ఐర్లండ్ లాంటి దేశాలకి కుక్కని తీసుకెళ్ళాలంటే వెళ్ళే ముందు ఒకటి నుంచి ఐదు రోజుల లోపు ఈ మందు వేయించిన ముద్ర పాస్‌పోర్టులో ఉండాల్సిందే. కుక్క పాస్‌పోర్టులో. మన వీసా కష్టాలు వాటికీ ఉన్నాయి.

డాక్టరు దగ్గరికి కూడా వెళ్ళొచ్చాను, వెళ్ళకుండా ఉంటానా. ఆయన నవ్వాడు కానీ పంపించేయలేదు, కడుపు స్కాన్ తీశాడు. ఏమీ లేదు, కొవ్వు పట్టిన కార్జం మాత్రం ఉంది, నడవమన్నాడు. బెయిర్‌లౌఖ్ గురించి అడిగితే ఆయన చెప్పిన జవాబు నాకు బాగా నచ్చింది. ఆ ఆకు కోసుకునేవాళ్ళలో నాకు తెలిసి ఆసుపత్రి పాలైనవాళ్ళు పురుగు వల్ల కాలేదు, పక్కనే అదే ఆకారంలో మొలిచే విషపు ఆకుల వల్ల అయ్యారు అన్నాడు. నిజమే, లిల్లీ ఆఫ్ ద వ్యాలీ, ఆటమ్ క్రోకస్ అని రెండున్నాయి, రెండోది తింటే మనిషి బతకడం కష్టం. వాసన చూసి కొయ్యాలి, అదీ ప్రతి ఆకూ విడిగా, ఎందుకంటే పది ఆకులు తుంచాక మన వేళ్ళకే తెల్లగడ్డ వాసన అంటుకుని ఉంటుంది. పదేళ్ళ తర్వాత రాబోయే పురుగు గురించి రాత్రంతా మేలుకున్నాను, అదే రోజు చంపగల ఆకు గురించి నాలుగేళ్ళుగా ఆలోచించనే లేదు.

ఫ్రిజ్‌లో పెడితే గుడ్లు చస్తాయని కొందరు నమ్ముతారు, అది వట్టిది. ఇంట్లో డీప్ ఫ్రీజర్ మైనస్ 18 డిగ్రీలు, వాటికది చలికాలం సెలవు. నక్కల్ని పరీక్షించే ల్యాబుల్లో ముందు కళేబరాన్ని మైనస్ 80 దగ్గర రోజుల తరబడి ఉంచి, ఆ తర్వాతే ముట్టుకుంటారు. ఇక్కడి బయటి వాతావరణంలో, తడి నేలలో, చలికాలంలో గుడ్లు 240 రోజుల దాకా బతికున్నాయని పరీక్షించి చూశారు, ఎండాకాలం అయితే 78 రోజులు. స్పిరిట్టుకీ శానిటైజర్లకీ లొంగవు. మామూలు ఇంట్లో లొంగేది రెండిటికే, ఎండబెట్టడానికీ వేడికీ. ఉడుకు నీళ్ళు తగిలితే అయిపోయింది. అందుకని మా ఇంట్లో రాజీ కుదిరింది, ఈ ఏడాది నుంచి పచ్చడి కాదు, పప్పు. కందిపప్పులో ఈ ఆకు వేసి మూడు విజిల్స్ రానిస్తే ఏ పురుగూ మిగలదు, రుచి కూడా బాగుంది, తోటకూర పప్పుకి తెల్లగడ్డ ఇంకాస్త ఎక్కువ పడ్డట్టు. మా ఆవిడ మాత్రం పచ్చడి పచ్చడే అంటుంది. లెక్కలన్నీ చూపించాను కదా, ఇంకా ఎందుకు భయం అంటుంది. దానికి నా దగ్గర జవాబు లేదు. లెక్కలు తెలిసినంత మాత్రాన నోరు తెరుచుకోదు.

జపాన్‌లో రెబున్ అని ఒక చిన్న దీవి ఉంది, దాని కథ చెప్పకపోతే నాకు తోచదు. హొక్కైడో పైన ఉంటుంది, చేపలు పట్టుకునేవాళ్ళ ఊరు. 1920ల్లో అక్కడ ఎలుకలు ఎక్కువైతే వాటిని తింటాయని, చర్మాలు కూడా అమ్ముకోవచ్చని కురిల్ దీవుల నుంచి నక్కల్ని తెచ్చి వదిలారు. వాటి కడుపులో పురుగూ వచ్చింది. పదేళ్ళయ్యాక జనానికి కార్జం గడ్డలు మొదలయ్యాయి, ఆ ఒక్క దీవిలోనే వంద మందికి పైగా రోగం పాలయ్యారు. చివరికి దీవిలో నక్కలన్నిటినీ కుక్కలన్నిటినీ చంపేస్తేనే ఆగింది. ఇక ప్రపంచం మొత్తం మీద ఈ జబ్బు ఎక్కువగా ఉన్నది యూరప్‌లో కాదు, టిబెట్ పీఠభూమి వైపు. 2010లో వేసిన అంచనా ప్రకారం ఏడాదికి పద్దెనిమిది వేల కొత్త కేసులు, వాటిలో నూటికి తొంభై పైన చైనాలోనే. అక్కడ కూడా కుక్కే వారధి. జీవహింస వద్దనే బౌద్ధుల ఊళ్ళలో వీధి కుక్కల్ని ఎవరూ ఏమీ అనరు, అవి పచ్చికలో ఎలుకల్ని తిని వస్తాయి, పిల్లలు వాటితో ఆడుకుంటారు.

ఈ కుక్క సంగతి చదువుతున్నప్పుడే నాకు మా మామ గుర్తొచ్చాడు.

మా చిన్న మేనమామ. నేను పదో తరగతిలో ఉండగా ఆయనకి కుడి డొక్కలో బరువుగా ఉందని కర్నూలులో చూపిస్తే, కార్జంలో నీటి తిత్తి ఉంది, ఆపరేషన్ చెయ్యాలన్నారు. బత్తాయికాయంత ఉందని మా అమ్మ చేత్తో చూపించేది వచ్చినవాళ్ళందరికీ. డాక్టర్లు దాన్ని హైడాటిడ్ సిస్ట్ అన్నారట, మా ఇంట్లో మాత్రం "నీళ్ళగడ్డ" అనే అన్నారు. తీసేటప్పుడు పగలకూడదు, పగిలితే లోపలి నీళ్ళకి మనిషి అక్కడికక్కడే షాక్‌లోకి పోవచ్చు, లేదా కడుపంతా కొత్త గడ్డలు మొలవొచ్చు అని చెప్పి భయపెట్టారు. పగల్లేదు. మామ ఇప్పటికీ ఆదోని దగ్గర గొర్రెల మందతో తిరుగుతూనే ఉన్నాడు.

ఆ నీళ్ళగడ్డ ఎకినోకాకస్ గ్రాన్యులోసస్. నక్క పురుగుకి సొంత దాయాది. ఇరవై ఏళ్ళకి పైగా ఆ పేరు మా ఇంట్లో ఉంది, నేను ఏడు వేల కిలోమీటర్లు వచ్చి ఒక జర్మన్ ముసలావిడ భయపెడితే తప్ప అదేంటో వెతకలేదు. ఇది నక్కా ఎలుకా కాదు, కుక్కా గొర్రే. కుక్క పేగులో పురుగు, గడ్డితో పాటు గుడ్డు గొర్రె కడుపులోకి, గొర్రె కార్జంలోనో ఊపిరితిత్తుల్లోనో నీటి తిత్తి, ఆ తిత్తి మళ్ళీ కుక్క నోట్లోకి. దీని తిత్తి గుండ్రంగా ఉంటుంది, అంచు ఉంటుంది, తుంగలా పాకదు, అందుకే మామ బతికి బట్టకట్టాడు. మనదేశంలో ఈ జబ్బు ఎక్కువగా కనిపించే రాష్ట్రాలు ఆంధ్రప్రదేశ్, తమిళనాడు అని వైద్య పుస్తకాల్లోనే రాస్తారు. కర్నూలు పేరు పాత ఆపరేషన్ లెక్కల్లో మళ్ళీ మళ్ళీ కనపడుతుంది. గొర్రెలున్న చోట, కాపలా కుక్కలున్న చోట, ఇంటి ముందే యాట కోసే చోట ఉండక ఎక్కడికి పోతుంది.

అప్పుడు గుర్తొచ్చింది ఇంకొకటి. ఆదివారం మటన్ కొట్టు. నాకు ఎనిమిదేళ్ళు, నాన్న పంపితే స్టీలు గిన్నె పట్టుకుని వరుసలో నిలబడేవాణ్ణి. కొట్టాయన కార్జం కోస్తూ కోస్తూ ఆగి, తెల్లగా ఉబ్బిన బుడగ ఒకటి కత్తి మొనతో చూపించి, "ఇది పనికిరాదు నాయనా, నీళ్ళు పట్టింది" అని ఆ ముక్కంతా కోసి పక్కకి విసిరేసేవాడు. మంచి మనిషి, చెడ్డ ముక్క ఎవరికీ తూచి ఇయ్యడు. విసిరింది నేల మీద పడేదాకా ఉండదు. బల్ల కింద నాలుగు కుక్కలు దానికోసమే కూర్చుని ఉండేవి. ఆ కుక్కల్నే తర్వాత మేము వీధిలో మెడ పట్టుకుని ఆడించేవాళ్ళం. ఒక పరాన్నజీవి కూర్చుని తన కోసం ఏర్పాటు చేసుకున్నా ఇంతకంటే బాగా కుదరదు.

మందు సంగతి కూడా చెప్పి ఆపేస్తాను. ఈ రెండు దాయాదులకీ వాడేది అల్బెండజోల్. మన స్కూళ్ళలో నులిపురుగుల నివారణ రోజని పిల్లలందరి చేతా ఒకటి నమిలిస్తారే, అదే బిళ్ళ, 400 మిల్లీగ్రాములు. అక్కడ పిల్లలు ఆరు నెలలకొకటి నమిలి నీళ్ళు తాగి బడికి పోతారు. ఇక్కడ నక్క పురుగు పట్టినవాళ్ళు పూటకొకటి చొప్పున రోజుకి రెండు, కొవ్వున్న తిండితో, ఏళ్ళ తరబడి వేసుకుంటారు. ఆపరేషన్‌లో గడ్డ మొత్తం తీసేసినా ఇంకో రెండేళ్ళయినా, తీయలేకపోతే చాలామందికి జీవితాంతం, ఎందుకంటే ఈ మందు ఆ పురుగుని మనిషిలో చంపడం తక్కువ, పెరగకుండా ఆపడమే ఎక్కువ. ఇక్కడి నుంచి రైల్లో గంట దూరంలో ఉన్న ఉల్మ్‌లో యూనివర్సిటీ ఆసుపత్రిలో ఈ రోగుల్ని ప్రత్యేకంగా చూసే విభాగం ఉంది. 1970ల దాకా ఈ జబ్బంటే చావు చీటీయే, ఇప్పుడు సమయానికి పట్టుకుంటే మామూలు మనుషులతో దాదాపు సమానంగా బతుకుతున్నారు.

పోయిన శనివారం వీడియో కాల్‌లో మా అమ్మకి ఇదంతా చెప్పాను. నక్క, ఎలుక, జర్మనీ అంతా విని, "మీకు ఆడ తినేకి ఇంకేమీ దొరకదా, అడివి ఆకులు తింటాండారు" అంది ముందు. తర్వాత మామ నీళ్ళగడ్డ, మటన్ కొట్టు, కుక్కలు చెప్పేసరికి కాసేపు ఏమీ మాట్లాడలేదు. "అయితే ఆ బుడగ ముక్కలు కాల్చేయమనో, కుక్కలు తవ్వలేనంత లోతుగా పూడ్చమనో కొట్టాయనకి చెప్పు మా" అన్నాను. ఇప్పుడు కొట్టు ఆయన కొడుకు చూస్తున్నాడు. మా అమ్మ చెప్పిన పని చేసే రకం, ఆదివారం పొద్దున్నే పోయి చెప్పిందట. ఆయన కత్తి పక్కన పెట్టి మర్యాదగానే విన్నాడట. విని, బల్ల కింద కూర్చున్నవాటి వైపు చూసి, "మరి ఇవి ఏం తినాల మా?" అన్నాడట.

"ఏం చెప్పమంటావు రా?" అని అమ్మ నన్ను అడుగుతోంది.